సౌండ్ పెంచమంటే ఏది పెంచాలి? డెసిబెల్, హెర్ట్జ్ తేడా పట్టుకునే పద్ధతి

తణుకు పక్కన ఒక పల్లెలో మాది మైక్ సెట్ వ్యాపారం. నాన్నగారు రెండు బాకాలు, ఒక యాంప్లిఫయర్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు బాక్సులు, మిక్సర్, ఈక్వలైజర్ పెట్టుకుని నేను నడుపుతున్నాను. పెళ్లిలో పంతులుగారి మాట తెలియకపోతే వెనక వరసలోంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపి "సౌండ్ పెంచవయ్యా" అంటారు. ముప్పై ఏళ్లుగా వింటున్న మాట ఇది. కానీ చాలాసార్లు ఆయన ఇబ్బంది సౌండ్ తక్కువ కావడం కాదు. మాట ముద్దముద్దగా వస్తోంది, అంతే. అప్పుడు వాల్యూమ్ తిప్పితే ఆ ముద్ద మాటే ఇంకా పెద్దగా వినపడుతుంది, మొదటి వరసలో ముసలివాళ్లు చెవులు మూసుకుంటారు.

గట్టిదనం ఒక లెక్క, సన్నదనం ఇంకో లెక్క. మొదటిది డెసిబెల్‌లో చెబుతాం, రెండోది హెర్ట్జ్‌లో. ఈ రెండూ కలిపేసుకోవడం వల్ల మా పనిలో పాటలు చెడతాయి, చెవుల డాక్టరు ఇచ్చిన కాగితం అర్థం కాదు, పక్కింటివాళ్లతో తగువు కూడా తెగదు. నాకు చెవి పరీక్ష జరిగేదాకా నేనూ దీన్ని చేతి అలవాటుగానే తెలుసుకున్నాను. ఆ తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

తికమకకు ఒక కారణం మన మాటలోనే ఉంది. పేపర్లో "శబ్ద స్థాయి 90 డెసిబెల్స్" అని రాస్తారు. సంగీతం మాస్టారు "మంద్రస్థాయి, తారస్థాయి" అంటారు. పేపర్లో స్థాయి అంటే ఎంత గట్టిగా అని. మాస్టారి స్థాయి అంటే ఎంత పైన పలుకుతోంది అని. "గొంతు పెంచు" అన్నా అంతే, గట్టిగా అనమంటున్నారో, పై శ్రుతిలో అనమంటున్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. స్కూలు పుస్తకాలు దీన్ని శుభ్రంగా విడదీశాయి. కంపన పరిమితి, అంటే ఊగే వెడల్పు, పెరిగితే శబ్దం గట్టిగా వినపడుతుంది. పౌనఃపున్యం, అంటే సెకనుకు ఊగే సార్లు, పెరిగితే కీచుదనం పెరుగుతుంది. పరీక్ష రాశాక ఆ మాటలు మరిచిపోతాం.

ముందు వంటింట్లోకి వెళ్లి ఒక గాజు గ్లాసు, చెంచా తీసుకోండి. గ్లాసు అంచును మెల్లిగా తట్టండి. తర్వాత కాస్త గట్టిగా తట్టండి, పగలకుండా. రెండుసార్లూ మోగింది ఒకటే స్వరం, రెండోసారి గట్టిగా మోగింది. మీరు మార్చింది డెసిబెల్. ఇప్పుడు సగం దాకా నీళ్లు పోసి, మొదట తట్టినంత మెల్లిగానే తట్టండి. స్వరం దిగింది. ఇప్పుడు మారింది హెర్ట్జ్. జలతరంగం వాయించేవాళ్లు గిన్నెల్లో నీళ్లు పోస్తూ తీస్తూ శ్రుతి చేసుకునేది ఇలాగే. గ్లాసును గట్టిగా కొట్టి పై స్వరం పలికించలేరు, నీళ్లు తీసేసి గట్టి మోత తెప్పించలేరు. ఎప్పుడు సందేహం వచ్చినా ఈ గ్లాసును గుర్తు చేసుకోండి.

హెర్ట్జ్ లెక్క సులువు. ఒక సెకనులో ఎన్నిసార్లు కంపించింది అన్న లెక్కే అది. జర్మనీ శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్ పేరు మీద పెట్టారు, 1960లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చేర్చారు. అంతకుముందు సెకనుకు ఇన్ని సైకిల్స్ అనేవారు. మా నాన్నగారి పాత రేడియో డయల్ మీద కిలోసైకిల్స్ అనే ఉండేది. మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుందని లెక్క. పై అంచు వయసుతో దిగుతుంది.

అంకెలు చెవికి పట్టాలంటే తెలిసిన శబ్దాలకు తగిలించుకోవాలి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ "మ్‌మ్‌మ్" అంటుంది చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత ముఖ్యంగా 100 హెర్ట్జ్. రాత్రి చెవి దగ్గర దోమ సన్నగా పాడేది నాలుగైదు వందల హెర్ట్జ్ ప్రాంతంలో. శ్రుతి పెట్టెలో ఒకటి శ్రుతి పెట్టుకుని పాడే మగవాళ్ల మధ్య షడ్జమం (స) సుమారు 131 హెర్ట్జ్. పంచమం (ప) దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 196. పై షడ్జమం సరిగ్గా రెట్టింపు, 262. దాని పై షడ్జమం 523. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మొదటి స్థాయి దాటడానికి 131 హెర్ట్జ్ పెరిగితే చాలింది, రెండో స్థాయికి 262 పెరగాల్సి వచ్చింది. చెవికి రెండూ ఒకే మెట్టు. చెవి కూడికలు చెయ్యదు, రెట్లు చూస్తుంది. ఇది మనసులో పెట్టుకుంటే డెసిబెల్ భయపెట్టదు, ఎందుకంటే డెసిబెల్ పూర్తిగా రెట్ల లెక్కే.

డెసిబెల్‌లో బెల్ అంటే గ్రాహంబెల్. 1920లలో అమెరికాలో టెలిఫోన్ ఇంజనీర్లు తీగల్లో సంకేతం ఎంత తగ్గిపోతోందో కొలవడానికి తయారుచేసుకున్న కొలత ఇది. బెల్‌లో పదో వంతు డెసిబెల్. కిలో, మీటరు లాగా వస్తువును కొలిచేది కాదు, "దీనికన్నా అది ఎన్ని రెట్లు" అని చెప్పేది. 10 డెసిబెల్ పెరిగితే శక్తి పది రెట్లు. 20 పెరిగితే వంద రెట్లు. 30కి వెయ్యి. 3 డెసిబెల్ పెరిగితే శక్తి దాదాపు రెట్టింపు. చెవికి మాత్రం 10 పెరిగినప్పుడే "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపిస్తుంది, ఉజ్జాయింపుగా.

ఈ ఒక్క ముక్క మా ఊళ్లో అందరికీ తెలిస్తే ఎంత డబ్బు మిగులుతుందో. ఆర్డరుకు వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" పోయినసారి 500 పెట్టారు, ఈసారి 1000 కావాలి, రెట్టింపు మోగాలి అంటారు. 500 నుంచి 1000కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. తేడా తెలుస్తుంది కానీ రెట్టింపు కాదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే 5000 కావాలి. ఇది చెప్పినప్పుడు బేరం పోతుందేమో అని మొదట్లో టెన్షన్ పడేవాణ్ణి. ఇప్పుడు కాగితం మీద రాసి చూపిస్తున్నాను.

అలాగే 80 డెసిబెల్ జనరేటర్ పక్కన ఇంకో 80 డెసిబెల్ జనరేటర్ పెడితే 160 కాదు, 83. దూరానిదీ ఇదే దారి. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్ పడిపోతుంది. బాక్సుకు మీటరు దూరంలో 100 ఉంటే రెండు మీటర్ల దగ్గర 94, నాలుగు దగ్గర 88, ఎనిమిది దగ్గర 82. స్వరం మాత్రం ఎంత దూరం వెళ్లినా అదే. 440 హెర్ట్జ్ ఊరవతల విన్నా 440నే.

సున్నా గురించి జాగ్రత్త. సున్నా హెర్ట్జ్ అంటే కంపనం లేదు, అయిపోయింది. సున్నా డెసిబెల్ అంటే నిశ్శబ్దం కాదు, "మనం పెట్టుకున్న గుర్తుతో సమానం" అని. గాలిలో శబ్దాన్ని కొలిచేటప్పుడు ఆ గుర్తు గాలి ఒత్తిడి లెక్కలో 20 మైక్రోపాస్కల్స్, అంటే చెవికి అందే అతి చిన్న శబ్దం దరిదాపు. చెవి పరీక్షలో సున్నా అంటే మంచి చెవులున్న కుర్రవాళ్లు సగటున వినగలిగే హద్దు. కంప్యూటర్‌లో పాట రికార్డు చేసేటప్పుడు సున్నా అంటే అన్నిటికన్నా పైగీత, దాటితే శబ్దం పగులుతుంది. అందుకే అక్కడ అన్నీ మైనస్ అంకెలే కనిపిస్తాయి. ఎవరైనా డెసిబెల్ అంకె చెబితే "దేనితో పోల్చి?" అని అడగండి.

ఇక రెండింటినీ ఒకే చోట కళ్లతో చూడాలంటే ఈక్వలైజర్‌ను మించింది లేదు. మా దగ్గర ఉన్నది 31 పట్టీలది. ఎడమ చివర 20, తర్వాత 25, 31.5, 40, 50, అలా కుడి చివర 20,000 దాకా. అవి హెర్ట్జ్‌లు. ప్రతి పట్టీకీ ఒక మీట, మధ్యలో సున్నా, పైకి 12, కిందికి 12. అవి డెసిబెల్స్. ఎడమ కుడిగా వేలు కదిపితే "ఏ శబ్దం?" అని ఎంచుకుంటున్నట్టు. పైకీ కిందికీ కదిపితే "అది ఎంత?" అని చెబుతున్నట్టు. నేను కుర్రాళ్లకు పని నేర్పేటప్పుడు మొదటి రోజు వాళ్ల వేలు పట్టుకుని దీని మీదే తిప్పిస్తాను.

పెళ్లిలో పంతులుగారి సంగతికి వద్దాం. కాలర్ మైకు గుండె దగ్గర ఉంటుంది కాబట్టి గొంతులోని బరువు ఎక్కువ పట్టుకుంటుంది, నోట్లోంచి ముందుకు దూసుకొచ్చే స, శ, ష, చ, ట లాంటి పదును తక్కువ పట్టుకుంటుంది. అచ్చుల బలం ఎక్కువగా వెయ్యి హెర్ట్జ్ లోపల. హల్లుల పదును రెండువేల నుంచి పైకి, "స" అయితే నాలుగువేలు దాటి కూడా. కాబట్టి మాస్టర్ వాల్యూమ్ జోలికి పోకుండా 200, 250, 315 మీటలను ఒక నాలుగు డెసిబెల్స్ దించుతాను. 3150 దగ్గర రెండో మూడో ఎత్తుతాను. మొత్తం మోత కాస్త తగ్గినట్టే ఉంటుంది, కానీ "మాంగల్యం తంతునానేన" అక్షరం అక్షరం విడివడి వెనక కుర్చీల దాకా వెళ్తుంది. చెయ్యి ఊపిన ఆయన తల ఊపుతాడు. ఆయన అడిగింది డెసిబెల్, ఆయనకు కావలసింది హెర్ట్జ్.

మైకు కూసినప్పుడు కూడా అంతే. కొత్తవాళ్లు కంగారుగా వాల్యూమ్ మొత్తం దించేస్తారు, ఉపన్యాసం ఆగిపోతుంది. కూత ఎప్పుడూ ఒకటో రెండో స్వరాల దగ్గరే పుడుతుంది. అది "ఊఁ" అని మోటుగా ఉంటే రెండు మూడు వందల ప్రాంతం, ఈల వేసినట్టుంటే వెయ్యి రెండువేలు, చెవిలో సూది గుచ్చినట్టుంటే మూడువేల పైన. ఆ మీట ఒక్కటే దించితే చాలు. ఇది చెవికి రావాలంటే జనం రాకముందే సాధన చెయ్యాలి. చిన్న సౌండు పెట్టుకుని ఒక్కో మీటను మెల్లిగా ఎత్తి, ఏది ఏ కూత కూస్తుందో విని పేరు గుర్తు పెట్టుకోవాలి.

ఈక్వలైజర్ లేనివాళ్లు ఫోన్‌లో కోరిన హెర్ట్జ్ స్వరం పలికించే టోన్ జనరేటర్ యాప్ పెట్టుకోవచ్చు. వాల్యూమ్ తక్కువలో పెట్టి, దాన్ని ముట్టుకోకుండా 100, 500, 1000, 3000, 8000 వరసగా వినండి. 100 దాదాపు వినపడదు, ఫోన్ స్పీకర్ చిన్నది, అంత లోతు పలకలేదు. 3000 గుచ్చుకుంటుంది. అది స్పీకర్ ఒక్కదాని గొప్ప కాదు, మన చెవి రెండువేల నుంచి అయిదువేల మధ్య అన్నిటికన్నా చురుకు. 1933లోనే బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్‌సన్ ఈ సంగతిని గీతలు గీసి చూపించారు. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్ ఎంత గట్టిగా వినపడుతుందో, 100 హెర్ట్జ్ దగ్గర అంత గట్టిగా వినపడాలంటే 60 దాటాలి. ఈ ప్రయోగంలో ఒక జాగ్రత్త: 15,000 లాంటివి వినపడకపోతే వినపడేదాకా వాల్యూమ్ పెంచకండి, ఇయర్‌ఫోన్లలో అసలే వద్దు. వినపడని శబ్దం కూడా గట్టిగా ఉండగలదు.

డీజే తగువులన్నీ ఇక్కడే పుడతాయి. మన శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వద్దు, పండగలకు ప్రభుత్వం ఇచ్చే కొన్ని సడలింపులు తప్ప. ఆ అంకెల పక్కన ఇంగ్లీషులో "ఎ" అక్షరం ఉంటుంది. అది ముఖ్యం. ఆ పద్ధతిలో మీటరు మన చెవిని అనుకరిస్తూ కింది హెర్ట్జ్‌లను బాగా తగ్గించి చూపిస్తుంది. 100 దగ్గర సుమారు 19 డెసిబెల్స్, 50 దగ్గర 30 తగ్గిస్తుంది. అంటే 50 హెర్ట్జ్ దరువు నిజానికి 90 ఉన్నా "ఎ" మీటరు 60 చూపిస్తుంది. పైగా ఆ దరువు అల పొడవు దాదాపు ఏడు మీటర్లు, గోడలూ తలుపులూ దాన్ని పెద్దగా ఆపవు. 5000 హెర్ట్జ్ అల ఏడు సెంటీమీటర్లు, తలుపు వేస్తే చాలావరకు ఆగిపోతుంది. మూడు వీధుల అవతల పాట మాటలు వినపడకుండా "దుమ్ దుమ్" ఒక్కటే కిటికీ అద్దాలు అదరగొట్టడానికి ఇదే కారణం. పక్కింటి పెద్దాయన "అదిరిపోతోందయ్యా" అంటే, మీటరు చూపించి "లేదండీ, అరవయ్యే" అనడం సరికాదు. ఆయన చెప్పేది నిజం. అప్పుడు మొత్తం తగ్గించనక్కర్లేదు, దరువు పలికే సబ్ బాక్సు ఛానెల్ దించితే ఆయనకూ నిద్ర, పందిట్లో పాటకూ ఇబ్బంది లేదు. మీటరులో కింది హెర్ట్జ్‌లను అంతగా తగ్గించని "సి" అనే పద్ధతి ఉంటే దరువు కొలవడానికి అది పెట్టుకోండి. ఫోన్ యాప్ అయితే ఉజ్జాయింపుకే. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, పెద్ద బాక్సు పక్కన దాని అంకె నమ్మకండి.

ఇక చెవి కాగితం. నాలుగేళ్ల కిందట మా ఆవిడ "కాసిని పాలు తెండి" అంటే నాకు "కాఫీ, పాలు తెండి" అని వినపడింది. ఒకసారి కాదు, అలాంటివి పదే పదే. మాటలు వినపడుతున్నాయి, స, ఫ లాంటివి తేలడం లేదు. పరీక్షకు వెళ్తే అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. "బీప్" వినపడగానే బటన్ నొక్కాలి. ఒక్కో స్వరాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ, వినపడే ఆఖరి అంచు ఎక్కడో పట్టుకుంటారు. బయటికొచ్చాక ఇచ్చిన గ్రాఫ్ చూసి నేను ఆగిపోయాను. అది నా ఈక్వలైజరే. అడ్డంగా 250, 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్‌లు. నిలువుగా డెసిబెల్స్, అయితే పైన సున్నా, కిందికి పోయేకొద్దీ ఎక్కువ. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమకు నీలం ఇంటూలు.

దాన్ని చదవడం ఇలా. గుర్తు ఎంత కిందికి ఉంటే ఆ స్వరం మీకు వినపడటానికి అంత గట్టిగా కావాలి. పెద్దవాళ్లకు 25 లోపల ఉంటే మామూలుగా ఫర్వాలేదంటారు. నాకు ఎడమ చెవిలో 250 దగ్గర 15, 1000 దగ్గర 20, 2000 దగ్గర 25, 4000 దగ్గర ఒక్కసారిగా 50, మళ్లీ 8000 దగ్గర 30. నాలుగువేల దగ్గర లోయ పడి, ఆ పైన కాస్త లేచింది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన చెవులు సాధారణంగా ఇలాగే దెబ్బతింటాయని చెప్పారు. నేను కూర్చునే బల్లకు ఎడమ పక్కనే బాక్సు ఉండేది.

కాబట్టి "మీకు ఎంత శాతం చెవుడు?" అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఏ హెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెల్స్ అని అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటే అరిచి చెప్పకండి. అరిస్తే బాగా వినపడే అచ్చులే ఇంకా పెరుగుతాయి. ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా, విడదీసి చెప్పండి. మంచి వినికిడి యంత్రం చేసేదీ పోయిన హెర్ట్జ్‌ల దగ్గరే డెసిబెల్స్ ఎత్తడం. అందుకే ఆ గ్రాఫ్ చూసి సర్దకుండా అంగట్లో పెట్టెలోంచి తీసి ఇచ్చే యంత్రం కొనవద్దని అందరికీ చెబుతున్నాను.

పని మానలేదు, పద్ధతి మార్చాను. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు ఎనిమిది గంటలు, ప్రతి 3 పెరిగేకొద్దీ టైమ్ సగం. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి గంట, 100కి పావుగంట. శక్తి రెట్టింపైంది కాబట్టి టైమ్ సగమైంది, అదే 3 డెసిబెల్ లెక్క. బల్లను బాక్సు వరసకు వెనకగా, దూరంగా జరిపించాను. ఇద్దరు కుర్రాళ్లకూ చెవి ప్లగ్గులు కొన్నాను, గంటకోసారి మనిషి మారతాం. ఏడాదికొకసారి ముగ్గురం పరీక్షకు వెళ్లి, పాత కాగితం పక్కన కొత్తది పెట్టి ముందుగా 4000 గీత దగ్గర చూసుకుంటాం. నాకు నాలుగేళ్ల కిందట 50. మొన్న సంక్రాంతి తర్వాత చూపించుకుంటే 50.